కలం ఎత్తబడిన పిల్లలు: బాలల నిర్బంధం, వైకల్యం, చట్టం

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో మతిస్థిమితం లేని ఒక స్త్రీని వ్యభిచార నేరంపై ఆయన ఎదుటకు తెచ్చారు. ఖలీఫా పలువురిని సంప్రదించి శిక్ష అమలు చేయవలసిందిగా ఆజ్ఞాపించారు. ఆమెను తీసుకుపోతుండగా హజ్రత్ అలీ (రజి) దారిలో ఎదురై విషయం విచారించారు. ఆమెను వెనుకకు మళ్ళించమని చెప్పి తాను స్వయంగా ఖలీఫా వద్దకు వెళ్ళారు. ముగ్గురిపై నుండి కలం ఎత్తివేయబడినదన్న దైవప్రవక్త (స) మాటను జ్ఞాపకం చేశారు. నిద్రలో ఉన్నవాడు, యుక్తవయస్సు రాని బాలుడు, మతి తప్పినవాడు - ఆ స్థితి తొలగేవరకు ఈ ముగ్గురి కర్మలు లెక్కలోనికి రావు. హజ్రత్ ఉమర్ (రజి) తన ఆజ్ఞను వెంటనే ఉపసంహరించుకున్నారు.

ఈ సంఘటన అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒకటికి మించిన మార్గాలలో వచ్చినది. వాటిలో ఒక ఉల్లేఖనంలో మరికొంత సంభాషణ ఉన్నది. ఆ పని జరిగిన సమయాన ఆమె తన వ్యాధి ఆవేశంలోనే ఉండి ఉండవచ్చు గదా అని హజ్రత్ అలీ (రజి) అన్నారు. అది తనకు తెలియదని ఖలీఫా అన్నారు. తనకూ తెలియదని హజ్రత్ అలీ (రజి) బదులిచ్చారు. మన ఉపన్యాసాలలో కలం ఎత్తబడుట గురించి తరచు వింటాము గాని, ఈ చివరి రెండు మాటలను అంతగా పట్టించుకోము. న్యాయశాస్త్ర దృష్టితో చూస్తే అసలు బరువంతా అక్కడ ఉన్నది. ఆమె ఏ స్థితిలో ఉండినదో ఖలీఫాకు తెలియదు, అభ్యంతరం చెప్పిన వారికీ తెలియదు. తెలియకపోవడమే శిక్ష ఆగిపోవడానికి చాలినది. తెలుసుకొనే బాధ్యత తీర్పు చెప్పేవారిది, ఆ స్త్రీది కాదు.

నేరారోపణపై నిర్బంధంలోనికి వచ్చే బాలలలో చెవిటివారు, మాట రానివారు, బుద్ధి ఎదుగుదల తగ్గినవారు ఉంటారు. వారి విషయంలో మన దేశ చట్టం ఎంతవరకు వచ్చినది, ఎక్కడ ఆగినది, ఆగిన చోట మన ధర్మశాస్త్రవేత్తల ఆలోచన మనకు ఏమి నేర్పుతున్నది అన్నదే ఈ వ్యాస విషయం.

తాండూరు నుండి సైదాబాదు దాకా

చట్టం గురించి గాలిలో మాట్లాడడం కంటె మన ప్రాంతంలోనే ఒక బాలుని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. వయస్సు పదహారు. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్లో పని. చిన్ననాటి జ్వరంతో వినికిడి చాలావరకు పోయినది. మూడవ తరగతిలో బడి మానేశాడు. ఇంట్లో తల్లితో కొన్ని దక్కనీ మాటలు, మిగిలినదంతా చేతి సైగలు. యజమాని తెలుగువాడు. తోటి కూలీలలో కొందరు కన్నడం మాట్లాడేవారు, కొందరు తండాల నుండి వచ్చిన లంబాడీలు. సరిహద్దు ఊరు గనుక తాండూరులో ఇది వింత కాదు. ఒకనాడు ఒక మోటారు పోయినదని నలుగురు కుర్రవాళ్ళను పట్టుకుంటారు, వారిలో వీడొకడు. "నువ్వు తీసినావా?" అని అడుగుతారు. వాడు తల ఊపుతాడు. "వీళ్ళతో కలిసే పోయినావా?" మళ్ళీ తల ఊపుతాడు.

చెవిటి పిల్లలతో మసలినవారికి ఈ తల ఊపడం బాగా తెలుసు. ఎదుటి మనిషి పెదవులు ఆగినప్పుడు, ముఖం తనవైపు తిరిగినప్పుడు, ఏదో జవాబు ఇవ్వాలని వారికి అర్థమవుతుంది. ప్రశ్న మాత్రం అర్థం కాదు. తల ఊపితే మనుషులు శాంతిస్తారని వారు చిన్ననాడే నేర్చుకుంటారు. బుద్ధిమాంద్యం గల పిల్లలదీ ఇంచుమించు ఇదే దారి. పెద్దవాడు గట్టిగా అడిగిన ప్రతిదానికి ఔననడం వారికి అలవాటు. పోలీసుల ఎదుట చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదన్న మాట నిజమే. కాని ఆ తల ఊపుడు మొదటి కాగితంలోకి ఎక్కుతుంది, దానిని చదివినవారే రెండవ కాగితం వ్రాస్తారు.

ఆ తరువాత జరగవలసిన క్రమాన్ని 2015 నాటి బాలల న్యాయచట్టం స్పష్టంగా చెప్పినది. ఈ చట్టం 2016 జనవరి 15 నుండి అమలులో ఉన్నది. పట్టుకున్న బాలుని లాకప్పులో గాని జైలులో గాని ఉంచరాదు. బాలల సంక్షేమ పోలీసు అధికారికి అప్పగించాలి. 24 గంటలలోపు జువైనల్ జస్టిస్ బోర్డు ఎదుట హాజరుపరచాలి. ఈ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు స్త్రీ కావాలి. జిల్లాకు కనీసం ఒక బోర్డు ఉండాలని చట్టం. వికారాబాదు 2016 అక్టోబరు 11న రంగారెడ్డి నుండి విడివడి జిల్లా అయినది, 2022 జూన్‌లో ప్రత్యేక న్యాయజిల్లా కూడా అయినది. జామీను దొరకని బాలుని అబ్జర్వేషన్ హోంకు పంపుతారు. జిల్లాకొకటి గాని, కొన్ని జిల్లాలకు కలిపి ఒకటి గాని ఇట్టి గృహం ఉండవచ్చునని చట్టం అంటున్నది. మన ప్రాంతపు ప్రజలకు మాత్రం "జువైనల్ హోం" అనగానే హైదరాబాదులోని సైదాబాదే గుర్తుకు వస్తుంది. అది తాండూరుకు వంద కిలోమీటర్లకు పైబడిన దూరం. తల్లి ఆ దూరంలో ఉంటే ఆ బాలుని సైగలు తెలిసిన ఒకే ఒక మనిషి ఆ దూరంలో ఉన్నదన్నమాట.

"భద్రత కోసం" అనే మాట

పిల్లల నేరాలకు వేరు చట్టం ఉండాలన్న ఆలోచన మన దక్షిణాదిలోనే ముందుగా శాసన రూపం పొందినది. మద్రాసు చిల్డ్రన్ యాక్టు 1920లో వచ్చినది. హైదరాబాదు రాష్ట్రంలో 1951లో ఒక చిల్డ్రన్ యాక్టు వచ్చినది. ఇట్లా ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క చట్టం, కొన్నిచోట్ల చట్టం ఉండీ అమలు లేకుండుట అనే పరిస్థితి 1986 వరకు సాగినది.

ఆ సంవత్సరం సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక వ్యాజ్యం మన విషయానికి మూలం. బొంబాయి పాత్రికేయురాలు షీలా బర్సే దేశంలోని జైళ్ళలో మగ్గుతున్న పిల్లల గురించి పిటిషను వేశారు. అందులో నేరం చేసిన పిల్లలే గాక, ఏ నేరమూ చేయని పిల్లల ప్రస్తావన కూడా ఉన్నది. శారీరక వైకల్యం, బుద్ధిమాంద్యం గల పిల్లలను, దిక్కులేని పిల్లలను "భద్రత కోసం" జైళ్ళలో ఉంచడం అప్పటి అలవాటు. ప్రధాన న్యాయమూర్తి పి. ఎన్. భగవతి ఆధ్వర్యంలోని ధర్మాసనం పిల్లలను జైళ్ళలో ఉంచరాదని, దేశమంతటికీ ఒకే చట్టం అవసరమని అభిప్రాయపడినది. ఆ ఏడే పార్లమెంటు బాలల న్యాయచట్టం చేసినది. అది 1987 అక్టోబరు 2 నుండి అమలులోకి వచ్చినది. అప్పుడు బాలురకు 16, బాలికలకు 18 ఏళ్ళు హద్దు. 2000 నాటి చట్టం ఇద్దరికీ 18 చేసినది. 2015 చట్టం దాని స్థానంలో వచ్చినది.

"భద్రత కోసం" అన్న మాట మాత్రం అంత సులభంగా పోలేదు. ఇప్పటి చట్టంలో జామీను సాధారణ నియమం. బాలుని విడుదల చేస్తే అతనికి నైతిక, శారీరక లేక మానసిక ప్రమాదం కలుగుతుందని నమ్మడానికి కారణాలుంటే మాత్రం నిరాకరించవచ్చు. సదుద్దేశంతో పెట్టిన మాట ఇది. కాని తన్ను తాను కాపాడుకోలేడని ఎవరిని చూస్తే తోస్తుంది? వికలాంగ బాలునే. తోటి కుర్రవాళ్ళు తండ్రుల పూచీపై ఇంటికి పోతే, వీడు తన మంచి కోసమే లోపల ఉండిపోయే ప్రమాదం ఈ నిబంధనలోనే దాగి ఉన్నది.

చట్టం గుర్తించే చోట్లు, గుర్తించని చోటు

చట్టం వికలాంగ బాలుని పూర్తిగా మరచిపోయినదనుట న్యాయం కాదు. 53వ సెక్షన్ ప్రకారం గృహాలలోని ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు చక్రాల కుర్చీలు, కృత్రిమ అవయవాలు, వినికిడి యంత్రాలు, బ్రెయిలీ సామగ్రి, ప్రత్యేక విద్య ఇవ్వాలి. 8వ సెక్షన్ ప్రకారం విచారణ భాష అర్థం కాని బాలునికి బోర్డు దుబాసీని ఏర్పాటు చేయాలి. 85వ సెక్షన్ మరొక అడుగు ముందుకు వేసినది. ఆ అధ్యాయంలోని నేరాలను, అనగా పిల్లలను హింసించుట, బిచ్చమెత్తించుట, అమ్ముట వంటి వాటిని, డాక్టరు ధ్రువీకరించిన వికలాంగ బాలునిపై చేస్తే శిక్ష రెట్టింపు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. బాలుడు బాధితుడైతే చట్టం అతని వైకల్యాన్ని రెట్టింపుగా లెక్కించినది. అతడు నిందితుడైతే ఆ వైకల్యాన్ని మొదటి రోజే కనిపెట్టి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. సాక్షి విషయమూ అంతే. నోట మాట రాని సాక్షి వాఙ్మూలం తీసుకునేటప్పుడు కోర్టు దుబాసీ గాని ప్రత్యేక విద్యా ఉపాధ్యాయుని గాని సాయం తప్పక తీసుకోవాలని, దానిని వీడియో తీయాలని 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 125వ సెక్షన్ చెపుతున్నది. నిందితుడు మతిస్థిమితం ఉండి కూడా విచారణను అర్థం చేసుకోలేకపోతే మాత్రం కోర్టు విచారణ సాగించవచ్చును. నేరం రుజువైతే కాగితాలు హైకోర్టుకు పంపితే చాలును. 1973 క్రిమినల్ ప్రొసీజరు కోడ్‌లో 318వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త సంహితలోనూ కొనసాగుతున్నది. చెవిటివాని సాక్ష్యానికి ఇచ్చిన గౌరవం చెవిటివాని మౌనానికి ఇవ్వలేదు.

కాగితంపై ఒక గడి మాత్రం ఉన్నది. బాలుడు మొదటిసారి బోర్డు ముందుకు వచ్చిన 15 రోజులలోపు ప్రొబేషన్ అధికారి సామాజిక విచారణ నివేదిక ఇవ్వాలి. 2016 నమూనా నియమాలకు జతపరచిన నివేదిక పత్రంలో వినికిడి, మాట, శరీరం, మనస్సు వీటిలో దేనిలోనైనా లోపం ఉన్నదా అని అడిగే వరుస ఉన్నది. కాలు లేని బాలుని విషయంలో ఆ గడి నిండుతుంది. పదికి పైన లెక్కించలేని బాలుని విషయంలో, సగం వినికిడి పోయిన బాలుని విషయంలో, ఎవరు నింపాలి? కంటికి కనపడనిది "లేదు" కిందికి పోతుంది. జాతీయ నేర గణాంకాలలో పట్టుబడిన పిల్లల చదువు, కుటుంబ వివరాలు ఏటేటా వేస్తారు గాని వైకల్యానికి పట్టిక లేదు. అందుచేత ఎందరు ఇట్టివారున్నారో చెప్పడానికి మన చేతిలో అంకె లేదు. అంకె లేని సమస్యకు బడ్జెట్టు కేటాయింపు ఎట్లా ఉంటుందో పాఠకులు ఊహించగలరు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చినది. 1995 చట్టం గుర్తించిన 7 వైకల్యాల స్థానే ఇది 21 వైకల్యాలను గుర్తించినది. ఆటిజం, చదువులో మాత్రమే కనపడే లోపాలు కూడా వాటిలో చేరినవి. దాని 12వ సెక్షన్ న్యాయస్థానాలలోను, విచారణాధికారం గల ఇతర సంస్థలలోను వికలాంగులకు అవకాశం కల్పించాలని, వారు కోరుకున్న భాషలో, కోరుకున్న పద్ధతిలో వారి మాటను నమోదు చేసే ఏర్పాటు ఉండాలని అంటున్నది. బాలల చట్టం, వికలాంగుల చట్టం రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే మన తాండూరు బాలునికి హక్కు ఉన్నట్లే. చిక్కేమిటంటే రెండూ వేరు వేరు శాఖల చేతిలో ఉన్నవి, రెండింటినీ కలిపి చదివే తీరిక బోర్డు గదిలో అందరికీ ఉండదు. 85వ సెక్షన్ వివరణ నేటికీ 1995 చట్టపు నిర్వచనాన్నే పేర్కొంటున్నది.

మజ్నూన్, మఅతూహ్

ఇప్పుడు ఒక అనువాదకుని గోడు చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం తాండూరు నుండి వచ్చిన ఒక తల్లి తన కొడుకు కోసం ఉర్దూలో చెప్పుకున్న అర్జీని ఈ వ్యాసకర్త తెలుగులో వ్రాసి ఇచ్చాడు. "మేరా బచ్చా భోలా హై, మౌల్వీ సాబ్" అని ఆమె పదే పదే అన్నది. "నా కుమారుడు అమాయకుడు" అని వ్రాశాను. తప్పు లేని తెలుగు వాక్యం. కాని ఆ వాక్యం ప్రతి తల్లి అర్జీలోనూ ఉంటుంది. చదివే అధికారికి అది నిర్దోషి అన్న విన్నపంగా కనబడుతుందే గాని ఒక వైకల్య సమాచారంగా కనబడదు. నెలన్నర తరువాత ఒక డాక్టరు కాగితం చూసినప్పుడు మాత్రమే ఆమె "భోలా" అన్న మాటలో ఏమి చెప్పదలచినదో నాకు తెలిసినది. ఆ నెలన్నర ఆ పిల్లవాడు ఇంట్లో లేడు.

సిగ్గుపడవలసిన విషయమేమంటే, ఆ తేడాకు మదరసాలో మేము చదివిన మాట ఉన్నది. అహ్లియ్యత్, అనగా బాధ్యతకు అర్హత, అనే ప్రకరణంలో ఉసూల్ పండితులు దానికి అడ్డువచ్చే స్థితులను రెండుగా విభజించారు. మనిషి తెచ్చిపెట్టుకున్నవి ఒక రకం, అతని ప్రమేయం లేకుండా దైవికంగా వచ్చినవి రెండవ రకం. రెండవ రకంలో బాల్యం, ఉన్మాదం, నిద్ర, స్పృహ తప్పుట వంటి వాటితో పాటు "అతహ్" కూడా ఉన్నది. మజ్నూన్ ఉన్మాది. మఅతూహ్ ఉన్మాది కాడు. అతడు తక్కువగా గ్రహిస్తాడు, మాటలు కలగాపులగం చేస్తాడు, వ్యవహారం చక్కబెట్టుకోలేడు, అయితే ఉన్మాదివలె కొట్టడు, తిట్టడు. హనఫీ ధర్మశాస్త్రవేత్తలు అతనికి మంచిచెడ్డలు కొంత తెలిసిన బాలుని స్థానం ఇచ్చారు. వయస్సు ఇరవై అయినా, ముప్ఫై అయినా అంతే. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869 నుండి 1876 వరకు కూర్చిన మజల్లా స్మృతిలోనూ ఇదే స్థానం కనబడుతుంది.

నేటి చట్టం కూడా మానసిక వ్యాధిని, మేధో వైకల్యాన్ని వేరు చేసినది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం తన నిర్వచనం నుండి బుద్ధిమాంద్యాన్ని మినహాయించినది. కాని బాలల చట్టం 93వ సెక్షన్ మానసిక వ్యాధిగ్రస్తుడైన బాలుని, మత్తుకు బానిసైన బాలుని చికిత్సకు పంపే దారి చూపుతూ, మేధో వైకల్యం గల బాలుని గురించి మౌనం వహించినది. అతనికి ఆసుపత్రి అక్కరలేదు, చికిత్సతో నయమయ్యేది కాదు. అతనికి కావలసినది ఓపికగా నేర్పే ఉపాధ్యాయుడు, తెలిసిన ఇల్లు. మజ్నూన్‌కు చట్టంలో గది ఉన్నది, మఅతూహ్‌కు లేదు.

వయస్సు విషయం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. యుక్తవయస్సు చిహ్నాలు కనపడనప్పుడు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) బాలునికి 18, బాలికకు 17 ఏళ్ళు హద్దుగా పెట్టారు. ఆయన శిష్యులిద్దరూ ఇద్దరికీ 15 అన్నారు, ఫత్వా ఈ రెండవ మాటపై నడచినది. ఇట్లా వయస్సు హద్దులో భేదం ఉన్నా, హద్దు దాటిన మఅతూహ్ విషయంలో హనఫీ మార్గం అతని బుద్ధినే చూసినది. మన సుప్రీంకోర్టు 2017లో లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం కింద వచ్చిన ఒక కేసులో దీనికి భిన్నమైన దారి తీసుకున్నది. సెరిబ్రల్ పాల్సీ గల ఒక వయోజన స్త్రీ బుద్ధి వయస్సును లెక్కలోకి తీసుకుని ఆమెను బాలగా పరిగణించమని కోరగా, చట్టంలో వయస్సంటే పుట్టుక నుండి లెక్కించే వయస్సేనని తీర్పు చెప్పినది. శాసనపు మాటను న్యాయస్థానం సాగదీయరాదన్న వాదంలో బలం ఉన్నది. అట్లయితే సవరించవలసినది శాసనమే.

మూగవాని సైగ

మాట రానివాని విషయంలో పూర్వ పండితుల జాగ్రత్త ఇంకా సూక్ష్మమైనది. మర్గీనానీ (రహ్మ) రచించిన హిదాయా మన మదరసాలలో నేటికీ పాఠ్యగ్రంథం. ఈస్టిండియా కంపెనీ కోర్టుల అవసరానికై 1791లో చార్లెస్ హామిల్టన్ దానిని ఇంగ్లీషులో వెలువరించాడు. అందులో మూగవాని సైగ, వ్రాత వివాహానికి, విడాకులకు, కొనుగోలు అమ్మకాలకు మాటతో సమానమని ఉన్నది. కాని హద్దు శిక్షల దగ్గరకు వచ్చేసరికి ఆ సైగ చాలదు. సైగలో సందేహానికి తావు ఉన్నది, సందేహం ఉన్నచోట హద్దు అమలు కాదు. మేలు చేసే చోట సైగను అంగీకరించారు, శిక్ష పడే చోట ఆగిపోయారు. మన పోలీసు స్టేషన్లలో తల ఊపుడుకు జరిగేది దీనికి సరిగ్గా తలక్రిందులు. అదే బాలుడు బ్యాంకుకు పోయి తల ఊపితే ఖాతా తెరవడానికి సందేహిస్తారు.

ఇంకొక సూక్ష్మం. మజల్లా 70వ నియమం మూగవాని సైగను నోటి మాటతో సమానం చేస్తూ "మఅహూద్" అనే విశేషణం చేర్చినది, అనగా పరిచితమైన, అందరెరిగిన సైగ. వెనువెంటనే 71వ నియమం దుబాసీ మాట అన్ని విషయాలలోను చెల్లుతుందని అంటున్నది. ఈ రెండు నియమాలు పక్కపక్కనే ఉండడం నాకు ఎప్పుడూ ఆలోచన కలిగిస్తుంది. సైగ ఎవరికి పరిచితమో వారే ఆ సైగకు దుబాసీ కావాలి. ప్రత్యేక పాఠశాలకు పోయిన చెవిటి బాలునికి భారతీయ సంజ్ఞా భాష వస్తుంది, ఆ భాష తెలిసిన దుబాసీ చాలును. బడి మొహం చూడని పిల్లవానికి వచ్చినది ఇంటి సైగలు మాత్రమే. అతనికి సంజ్ఞా భాషా దుబాసీ ఒక్కరే ఉంటే మరొక అపరిచితుడు ఎదుట కూర్చున్నట్లే. పక్కన తల్లినో అన్ననో కూర్చోబెట్టి, సైగను వారు విప్పగా దుబాసీ దానిని బోర్డుకు చేరవేయాలి. 12వ సెక్షన్‌లోని "కోరుకున్న పద్ధతి" అన్న మాటకు ఇంతకంటె సరళమైన అర్థం ఉంటుందనుకోను.

ఇంతమాత్రాన పూర్వ గ్రంథాలలో నేటి సమస్యలన్నిటికీ జవాబు ఉన్నదని అనడం లేదు. అట్లా అనేవారిపై ఈ వ్యాసకర్తకు నమ్మకం తక్కువ. కలం ఎత్తబడుట వలన శిక్ష పోతుంది గాని, దాసుల హక్కు పోదని కూడా ఆ పండితులే చెప్పారు. బాలుడు గాని మతిలేనివాడు గాని ఒకరి వస్తువు పాడుచేస్తే దాని విలువ వాని ఆస్తి నుండి చెల్లించాలి. మోటారు పోగొట్టుకున్న రైతు నష్టం నిజమైనదే. ఖైదీల విషయంలో ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) ఖలీఫా హారూన్ రషీదుకు వ్రాసిన కితాబుల్ ఖరాజ్‌లో, వారిని సంకెళ్ళతో వీధులలో బిచ్చమెత్తుకోనీయరాదని, తిండికి, రెండు కాలాల బట్టలకు ఖజానా నుండి నిర్ణీత మొత్తం ఇవ్వాలని కోరారు. నిర్బంధంలో పెట్టిన పాలకునిపైనే పోషణ బాధ్యత పెట్టిన ఆ వాదం 53వ సెక్షన్‌కు దూరపు బంధువు.

ఏమి మారాలి

పదహారు నిండిన బాలుడు ఘోరనేరం చేశాడన్న ఆరోపణ ఉంటే అతనిని వయోజనునివలె విచారించవచ్చునా అని బోర్డు ముందుగా అంచనా వేస్తుంది. 15వ సెక్షన్ ప్రకారం అతని మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలు గ్రహించే శక్తిని తూచాలి. నిపుణుల సాయం తీసుకో"వచ్చును" అని చట్టం అన్నది. 2022 జూలైలో సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ "వచ్చును" అన్న మాటను మార్చి చదివినది. బోర్డులోనే పిల్లల మనస్తత్వ శాస్త్రంలో గాని, మానసిక వైద్యంలో గాని పట్టా పొంది వృత్తిలో ఉన్న సభ్యుడు లేకపోతే నిపుణుని సాయం తప్పనిసరి అన్నది. మంచి తీర్పు. కాని అది ఘోరనేరాలకు, పదహారు దాటినవారికి మాత్రమే పనికివస్తుంది. మోటారు దొంగతనం కేసులో పట్టుబడిన మన తాండూరు బాలునికి ఆ నిపుణుడు దొరకడు. నేరం చిన్నదైనకొద్దీ బాలుని గురించి తెలుసుకునే అవసరం తగ్గుతుందన్నట్లుగా ఉన్నది ఈ ఏర్పాటు.

కనుక చేయవలసిన సవరణలలో మొదటిది, అన్నిటికంటె ముఖ్యమైనది, ప్రతి బాలునికీ మొదటి హాజరుతో పాటే వినికిడి, చూపు, మాట, గ్రహణశక్తి పరీక్ష తప్పనిసరి చేయడం. ఆ ఫలితం వచ్చేవరకు అతని జవాబులను దేనికీ ఆధారం చేయకూడదు. తెలియనప్పుడు ఆగిపోవాలన్న నియమం ఇదే. 2025 జూలై 15న సుప్రీంకోర్టు తమిళనాడు జైళ్ళకు సంబంధించిన కేసులో, ఖైదీని లోపలికి తీసుకునేటప్పుడే వైకల్యాన్ని గుర్తించాలని ఆదేశించినది. ఆ తీర్పు వయోజనుల జైళ్ళ గురించి. తెలుగువాడైన ప్రొఫెసర్ సాయిబాబా చక్రాల కుర్చీలో నాగపూరు జైలులో గడిపిన సంవత్సరాలు మనకు తెలిసినవే. ఆయన 2024 మార్చిలో నిర్దోషిగా విడుదలై, అదే అక్టోబరులో హైదరాబాదులో మరణించారు. చదువుకున్న, లోకమెరిగిన మనిషికే అంత కష్టమైతే మాట రాని పదహారేళ్ళవాని సంగతి చెప్పేదేమున్నది?

93వ సెక్షన్ పక్కన మేధో వైకల్యం గల బాలునికి మరొక దారి చేర్చడం రెండవది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల సంఘం 2019లో వెలువరించిన 24వ వ్యాఖ్యలో, ఎదుగుదల లోపాలు గల పిల్లలు అసలు నేర విచారణ వ్యవస్థలోనికే రాకూడదని, తప్పనిసరై వస్తే ఒక్కొక్కరిని విడిగా అంచనా వేయాలని చెప్పినది. భారతదేశం ఆ ఒడంబడికలో 1992లో చేరినది. ఇందుకు కావలసిన నిపుణులు మనకు దూరంగా లేరు. మేధో వైకల్యానికి 1984లో స్థాపించిన జాతీయ సంస్థ సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఉన్నది. వినికిడి లోపాలకు అలీ యావర్ జంగ్ పేరిట ఏర్పడిన బొంబాయి జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉన్నది. సైదాబాదు అబ్జర్వేషన్ హోంకు, మనోవికాస్ నగర్‌కు మధ్య ఉన్నది ఒక సిటీ బస్సు ప్రయాణం.

మన ఇళ్ళలో

చట్టంపై ఇంత వ్రాసి మన ఇళ్ళ గురించి వ్రాయకపోతే సగం దాచినట్లు. వికారాబాదు, తాండూరు బస్తీలలో ఇట్టి పిల్లలున్న కుటుంబాలు వారిని బడికి పంపవు, బంధువుల ముందుకు తేవు. చెల్లెలి సంబంధం చెడిపోతుందని భయం. సదరం శిబిరానికి తీసుకుపొమ్మంటే "మా పిల్లవానికి ఏమైందని?" అని కోపగించుకుంటారు. దాని ఫలితం విపత్తు వచ్చినప్పుడు గాని తెలియదు. బాలుని వయస్సు తేల్చడానికి చట్టం ముందు బడి సర్టిఫికెట్టును, అది లేకపోతే మునిసిపాలిటీ లేక పంచాయతీ జనన ధ్రువపత్రాన్ని చూస్తుంది. రెండూ లేనప్పుడు ఎముకల పరీక్ష, దాని ఫలితం ఒకటి రెండేళ్ళు అటూఇటూ. బడి లేని, సదరం లేని బాలుడు పదిహేడేళ్ళవాడై ఉండి కూడా జైలులో పెద్దవారి మధ్య పడవచ్చు. మక్తబ్‌లో చేర్చుకునేటప్పుడు పుట్టినతేదీని పంచాయతీ కాగితం చూసి రిజిస్టరులో వ్రాసుకోవడం, లేనివారికి తీయించడం మన మస్జిదు కమిటీలకు పెద్ద ఖర్చు కాని పని.

వకీలుకు డబ్బు లేదన్న దిగులు అక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద బాలలకు, వికలాంగులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం హక్కు. ఇట్టి బాలుడు ఆ మూడింటి కింద అర్హుడే. తండ్రి లేని చోట బోర్డు గుర్తించిన యోగ్యవ్యక్తికి బాలుని అప్పగించే ఏర్పాటు కూడా చట్టంలో ఉన్నది. మనిషి హాజరుకు పూచీ పడే కఫాలత్ ప్రకరణం చదివిన ఆలిములు వికారాబాదులోనూ తాండూరులోనూ ఉన్నారు. వారిలో కొందరైనా తమ వివరాలిచ్చి ఆ గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అర్జీ వ్రాసేవారికి ఒక మాట. "భోలా", "అమాయకుడు", "మందబుద్ధి", "పిచ్చివాడు" ఇవేవీ వ్రాయవద్దు. ఆ తల్లి కొడుకు తరువాత ఈ వ్యాసకర్త చేస్తున్నదేమంటే, తల్లిని కూర్చోబెట్టి ఆమె చెప్పిన పనులను వ్రాయడం. నాలుగేళ్ళు వచ్చేదాకా నడవలేదు. అయిదేళ్ళు బడికి పోయినాడు, తన పేరు వ్రాయలేడు. పది రూపాయల నోటు, యాభై రూపాయల నోటు తేడా చెప్పలేడు. ఒంటరిగా బజారుకు పంపితే తిరిగి రాలేడు. ఎవరు గట్టిగా అడిగినా ఔనంటాడు. అట్లా వ్రాసిన కాగితం చివర సదరం నంబరు ఉంటే అది, లేకపోతే పరీక్షకు పంపవలసిందిగా కోరిక, బాలుని సైగలు తెలిసిన మనిషి పేరు, ఫోను నంబరు.